రష్యాలో ఏకవ్యక్తి పాలనకు దారి వేసింది యెల్ట్సినా, పుతినా?

కృష్ణాతీరం:
రష్యా మాట వస్తే చాలు, ఇక్కడ అందరిదీ ఒకటే పాట. తొలి అధ్యక్షుడు యెల్ట్సిన్ ప్రజాస్వామ్యం తెచ్చాడు, పుతిన్ వచ్చి నాశనం చేశాడు అని. నేను ఒప్పుకోను. 1993 సెప్టెంబర్ 21న యెల్ట్సిన్ 1400 నంబరు డిక్రీతో పార్లమెంటును రద్దు చేశాడు. అప్పటి రాజ్యాంగం ప్రకారం ఆయనకు ఆ అధికారమే లేదు, రాజ్యాంగ న్యాయస్థానం కూడా అదే మాట చెప్పింది. వింటేగా! పార్లమెంటు భవనానికి కరెంటు, నీళ్ళు, ఫోన్లు కట్ చేయించాడు, లోపల సభ్యులు కొవ్వొత్తులు పెట్టుకుని సమావేశమయ్యారు. అక్టోబర్ 4న ట్యాంకులు పెట్టి కొట్టించాడు. ఆ తెల్లటి భవనం పై అంతస్తులు మసిబారి, కిటికీల్లోంచి పొగ వస్తున్న ఫొటో చూడండి ఒకసారి. రెండు నెలలకే కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో 111వ అధికరణం అప్పట్లో ఏమందంటే, అధ్యక్షుడు చెప్పిన ప్రధానిని డ్యూమా (పార్లమెంటు దిగువ సభ) మూడుసార్లు కాదంటే డ్యూమాయే రద్దు.

ఓరుగల్లు కుర్రాడు:
సగమే చెప్పారండీ. ఆ పార్లమెంటు 1990లో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగా ఎన్నికైంది. 1993 ఏప్రిల్ రిఫరెండంలో 58 శాతానికి పైగా యెల్ట్సిన్ మీద నమ్మకం ఉందన్నారు. అక్టోబర్ 3న, పార్లమెంటు పక్షాన నిలిచిన ఉపాధ్యక్షుడు రుత్స్కోయ్ పిలుపుతో జనం మేయర్ ఆఫీసు మీద, ఓస్తాంకినో టీవీ కేంద్రం మీద పడ్డారు, ట్యాంకులు వచ్చింది ఆ మర్నాడు. ఇక మీరంటున్న ఆ రాజ్యాంగం కిందే 1998 ఆగస్టు చివర ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి, ప్రధానిగా యెల్ట్సిన్ చెప్పిన చెర్నోమిర్దిన్‌ను డ్యూమా తిప్పికొడితే ఆయన దిగొచ్చి ప్రిమకోవ్‌ను పెట్టాడు. 1999 మేలో అభిశంసన దాకా వెళ్ళారు, 300 ఓట్లు కావాల్సిన చోట చెచెన్యా యుద్ధం మొదలుపెట్టాడన్న ఆరోపణకు 283 పడ్డాయి. పుతిన్ హయాంలో ఇలాంటిది ఊహించగలరా?

కృష్ణాతీరం:
ఓస్తాంకినో సంగతి నేనే రాయాల్సింది, తప్పే. కానీ డిక్రీ వచ్చింది దానికి 12 రోజుల ముందు కదా. ప్రిమకోవ్ సంగతి చెప్పారు, మరి అదే ఏడాది ఏప్రిల్లో ఏమైంది? అదే డ్యూమా, అదే సభ్యులు. యెల్ట్సిన్ ప్రధానిగా చెప్పిన కిరియెంకోను రెండుసార్లు కాదన్నారు, మూడోసారి రద్దు భయంతో 251 ఓట్లేసి ఒప్పుకున్నారు. సెప్టెంబర్ నాటికి తేడా ఏమిటంటే, ఆగస్టులో రూబుల్ కుప్పకూలి యెల్ట్సిన్ కాళ్ళ కింద నేల కదిలిపోయింది, అంతే. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మనిషి బలహీనంగా ఉంటే పార్లమెంటు మాట చెల్లింది, బలంగా ఉన్నవాడు వస్తే ఆపేది ఏముంది చెప్పండి?

తెనాలి పంతులు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 1964 అక్టోబర్లో సోవియట్ నేత క్రుశ్చేవ్‌ను సొంత కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీయే దించేసింది. అది ప్రజాస్వామ్యం కాదు, నిజమే, కానీ పైనున్నవాడిని దించే మనుషులంటూ ఉన్నారు. పార్టీ పోయింది, దాని చోటులో నిలబడగల పార్లమెంటును 1993లో కొట్టేశారు, మిగిలింది క్రెమ్లిన్ ఒక్కటే.

ఓరుగల్లు కుర్రాడు:
కిరియెంకో విషయం ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. పంతులుగారి మాటా ఆలోచించాల్సిందే. కానీ 2004లో బెస్లాన్ బడిని ఉగ్రవాదులు పట్టుకుని పిల్లలు చచ్చిపోయిన కొద్దిరోజులకే, ఉగ్రవాదం పేరు చెప్పి గవర్నర్ల ఎన్నికలు ఎత్తేస్తానని పుతిన్ ప్రకటించి, ఆ ఏడాదే ఎత్తేశాడే, అలా చేయమని యెల్ట్సిన్ రాజ్యాంగంలో ఎక్కడుంది? యెల్ట్సిన్ తలుపు తెరిచి పెట్టాడనే అనుకుందాం, లోపలికి నడిచినవాడికి బాధ్యత లేదా?