చిన్న డ్రమ్ రోస్టర్‌కి ముందు ఏది కొనాలి: ప్రోబా, కూలింగ్ జల్లెడా?

పచ్చిగింజ
నాలుగు నెలలుగా ఇంట్లోనే కాఫీ గింజలు రోస్ట్ చేసుకుంటున్నాను. మెషిన్ చిన్న డ్రమ్ రకం, ఒకసారికి 250 గ్రాములు పడతాయి. డ్రమ్ములో గాలి వేడి చూపిస్తుంది కానీ గింజ వేడి చూపించదు. చల్లబరచడం కూడా ఆ డ్రమ్ములోనే. హీటర్ ఆగిపోయి ఫ్యాన్ తిరుగుతుంది, గింజలు చేత్తో పట్టుకునేంత చల్లబడేసరికి 8, 9 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఒక్క వస్తువు మాత్రమే కొనగలను. గింజల్లో మునిగి వాటి వేడి కొలిచే థర్మోకపుల్ ప్రోబ్, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే మీటర్ తీసుకుని ఆర్టిజన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ చూసుకోవాలా? లేక ఫ్యాన్ బిగించిన కూలింగ్ జల్లెడ తీసుకోవాలా?

నా ఇబ్బంది ఇది. వరసగా రెండు వారాలు ఒకే సంచిలో గింజలు, అదే బరువు, అదే సెట్టింగ్, అదే టైమ్. మొదటిసారి తియ్యగా, నారింజ పులుపుతో ఎంత బాగుందో చెప్పలేను. రెండోసారి చప్పగా, ఉడకని పిండి వాసనతో వచ్చింది. ఎందుకలా అయిందో తెలుసుకునే దారి నా దగ్గర లేదు, అదే టెన్షన్.

గ్రాఫ్‌పేపర్
ప్రోబ్ కొనండి. గింజ పసుపు రంగుకి తిరిగేది సుమారు 150 డిగ్రీల దగ్గర. ఫస్ట్ క్రాక్, అంటే గింజలు మొదటిసారి చిటపటమని పగిలే శబ్దం, చాలా మెషిన్లలో 196 నుంచి 205 మధ్య వినబడుతుంది. రెండోసారి పగిలే సెకండ్ క్రాక్ 225 అటూ ఇటూ. ఈ మజిలీల మధ్య గింజ ఎంతసేపు ఉంది, వేడి ఎంత వేగంగా ఎక్కింది అన్నదాని మీదే రుచి నడుస్తుంది. మధ్యలో వేడి ఎక్కడం మందగిస్తే కాఫీ చప్పబడుతుంది. కళ్లతో చూస్తే అది తెలియదు, గ్రాఫ్‌లో గీత వంగగానే తెలుస్తుంది. ఆర్టిజన్ ఉచితం, ఓపెన్ సోర్స్. కె-టైప్ అనే రకం థర్మోకపుల్ ప్రోబ్, దాన్ని చదివే మీటర్ ఉంటే చాలు. ఈ రెండు రోస్ట్‌లకీ గ్రాఫ్ ఉండి ఉంటే ఈ ప్రశ్న అడగాల్సిన పనే ఉండేది కాదు.

జల్లెడ
నేను ఒప్పుకోను. 8, 9 నిమిషాలంటే గింజలు ఇంకా రోస్ట్ అవుతూనే ఉన్నాయన్నమాట. హీటర్ ఆపినా డ్రమ్ము ఇనుములో వేడి అలాగే ఉంటుంది, గింజ లోపలా ఉంటుంది. మీరు ఎక్కడ ఆపాలనుకున్నారో అక్కడ ఆగడం లేదు. 4 నిమిషాల లోపు గది వేడికి రావాలన్నది చాలామంది పాటించే లెక్క. రోస్ట్ ఎక్కడ ముగుస్తుందో చేతిలో లేనప్పుడు గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా ఏం లాభం?

గ్రాఫ్‌పేపర్
జల్లెడ గారూ, ఒక్క మాట. చల్లబరచడం రెండుసార్లూ అంతే నెమ్మది కదా. రెండుసార్లూ ఒకేలా ఉన్నది తేడాకి కారణం ఎలా అవుతుంది?

జల్లెడ
మంచి ప్రశ్న. తేడాకి అదొక్కటే కారణమని నేనూ అనను. కానీ హీటర్ ఆపే క్షణానికి డ్రమ్ము ఎంత వేడిగా ఉందన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదు. కాబట్టి తర్వాత జరిగే ఆ కొసరు రోస్ట్ కూడా ఒకేలా ఉండదు. నాకు తెలిసి ముందు ఆ కొసరుని తీసేయాలి.

తూకంరాయి
పచ్చిగింజ గారూ, ఏదైనా కొనే ముందు ఒక సంగతి చెప్పండి. రోస్ట్ అయ్యాక గింజల్ని మళ్లీ తూచారా? ఆ రెండు రోస్ట్‌ల బరువులు రాసి ఉంటే ఇక్కడ పెట్టండి.

పచ్చిగింజ
రాశాను. రెండుసార్లూ 250 వేశాను. బాగా వచ్చినది 212, చప్పగా వచ్చినది 218. ఆరు గ్రాములే కదా అని పట్టించుకోలేదు.

తూకంరాయి
ఆ ఆరు గ్రాముల్లోనే ఉంది విషయం. మొదటిది 15.2 శాతం తగ్గింది, రెండోది 12.8. పచ్చి గింజలో నీరే 10 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. ముందు పోయేది చాలావరకు అదే, ఆ తర్వాత గింజ పదార్థం కూడా ఆవిరిగా, వాయువులుగా పోతుంది. 12.8 అంటే బాగా లైట్ రోస్ట్, 15 దాటితే మీడియం. అంటే మీరు ఒకే రోస్ట్ రెండుసార్లు చేయలేదు, రెండు వేరు వేరు రోస్ట్‌లు చేశారు. ఏ ప్రోబూ లేకుండా తూకం ఈ మాట చెప్పింది.

ప్రోబ్ వద్దని నేననడం లేదు. నేనూ కొన్నాను, కొన్నాక మూడు వారాలు తప్పుదారి పట్టాను. కొన అర అంగుళం మాత్రమే గింజల్లో మునిగేది, మిగతాదంతా గాలిలో. 250 వేస్తే ఒక అంకె, 150 వేస్తే ఇంకో అంకె. ఫస్ట్ క్రాక్ 214 దగ్గర వస్తోందని నమ్మి, వేరే వాళ్ల గ్రాఫ్‌తో సరిపెట్టాలని వేడి తగ్గించుకుంటూ పోయాను. ఆ రోజుల్లో కళ్లు స్క్రీన్ మీదే ఉండేవి, ముక్కు పనిచేయడం మానేసింది. గడ్డి వాసన పోయి రొట్టె కాలిన వాసన, దాని వెనకే తీపి వాసన మొదలయ్యే ఆ అర నిమిషం నాకు దొరకనే లేదు. ప్రోబ్ చూపించే అంకె మీ మెషిన్‌కి, మీరు పెట్టిన చోటికి, మీరు వేసే బరువుకి మాత్రమే చెందుతుంది. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

ప్లగ్‌పాయింట్
అదే సెట్టింగ్, అదే టైమ్, అయినా రెండోసారి తక్కువ కాలింది. అంటే హీటర్‌కి కరెంటు తక్కువ అందింది. నా అనుమానం వోల్టేజ్ మీదే. హీటర్ శక్తి వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది. 10 శాతం వోల్టేజ్ పడితే 10 శాతం వేడి తగ్గుతుందనుకుంటారు చాలామంది, నిజానికి 19 శాతం తగ్గుతుంది. 1200 వాట్ల హీటర్ 972 వాట్ల హీటర్ అయిపోతుంది! అలాంటప్పుడు 250 గ్రాములు అదే టైమ్‌లో ఎలా వేగుతాయి?

రెండు రోస్ట్‌లూ ఏ వేళలో చేశారు? ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడారా? వైరు పట్టుకుంటే వెచ్చగా ఉందా?

పచ్చిగింజ
మీరు అడిగాక గుర్తొచ్చింది. మొదటిది తెల్లవారుజామున, గోడ ప్లగ్‌లోనే. రెండోది సాయంత్రం, పొగ బయటికి పోవాలని కిటికీ పక్కకి జరిపి సన్న వైరు ఎక్స్‌టెన్షన్‌తో. అదే సమయానికి వాషింగ్ మెషిన్ కూడా నడుస్తోంది. వైరు వెచ్చగానే ఉంది.

ప్లగ్‌పాయింట్
ఆ ఎక్స్‌టెన్షన్ ఈరోజే తీసేయండి. రుచి సంగతి తర్వాత, అది వేడెక్కి కరిగే రకం. ప్లగ్‌కీ మెషిన్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది. నన్నడిగితే మీ మొదటి కొనుగోలు అదే. రోస్ట్ మొదలుపెట్టే ముందు వోల్టేజ్ ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకోండి.

గ్రాఫ్‌పేపర్
వోల్టేజ్ కారణమంటే నేనూ సరే అంటాను. కానీ ఒక్కటి గమనించండి. తూకం ఈ సంగతి రోస్ట్ అయిపోయాక చెప్పింది. ప్రోబ్ ఉంటే మూడో నిమిషంలోనే, వేడి ఎక్కడం లేదని కనబడి ఉండేది, ఇంకో నిమిషం పొడిగించి ఆ 250 గ్రాముల్ని కాపాడుకునేవారు. ముక్కునీ చెవినీ నమ్ముకోమనడం ఏళ్ల తరబడి చేసినవాళ్లకి సరే. నాలుగు నెలల వాళ్లకి రొట్టె వాసన ఎప్పుడు తీపి వాసన అవుతుందో ఎలా తెలుస్తుంది? నాకు ముక్కు అలవాటైందే గ్రాఫ్ వల్ల. 150 దగ్గర ఏ వాసన వస్తోందో, 180 దగ్గర ఏది వస్తోందో పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ప్రోబ్ ముక్కుకి పోటీ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను.

గాలితెర
నాది ఫ్రెష్ రోస్ట్ ఎస్ఆర్800, వేడిగాలి రకం, 225 గ్రాముల దాకా వేస్తాను. వేడిగాలే గింజల్ని తిప్పుతుంది, చివర్లో చల్లగాలి కూడా అక్కడే కొడుతుంది, కాబట్టి కూలింగ్ జల్లెడ గొడవ నాకు లేదు. వోల్టేజ్ మార్పు మాత్రం వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే వేడిని నిలబెట్టే బరువైన ఇనుము ఇందులో లేదు. డ్రమ్ము వాళ్ల సలహాలు మాకూ, మావి వాళ్లకీ నేరుగా పనికిరావు. ఇది చదివే కొత్తవాళ్లు ముందు తమ మెషిన్ ఏ రకమో చూసుకోండి.

పొట్టుడబ్బా
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు. పొట్టు అంటుకుంటుంది, మరచిపోకండి. ప్రతి రోస్ట్ తర్వాతా పొట్టు ట్రే ఖాళీ చేయాలి, పక్కన అగ్నిమాపక సిలిండర్ ఉండాలి, మెషిన్ నడుస్తుండగా గది వదిలి వెళ్లకూడదు. లోపల మంట కనబడితే తలుపు తీయకండి, గాలి తగిలితే ఇంకా ఎగస్తుంది. ప్లగ్ పీకేయండి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది, కాబట్టి తలుపులు బిగించిన గదిలో చేయొద్దు. పచ్చిగింజ గారు కిటికీ దగ్గరికి జరగడం మంచి పనే, ఎక్స్‌టెన్షన్ వాడటమే తప్పు. గోడ ప్లగ్ ఉన్న కిటికీ వెతుక్కోండి.

జల్లెడ
కూలింగ్‌కి అసలు కొనక్కర్లేదు కూడా. వంటింట్లో చిల్లులున్న స్టీలు గిన్నెలు రెండు ఉంటే చాలు. టేబుల్ ఫ్యాన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, కింద గాలి ఆడేలా నాలుగు ఇటుకల మీద పెట్టండి. గింజల్ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఆ గాలి మీదుగా పోస్తూ ఉండండి. మందపాటి గ్లవ్స్ వేసుకోండి. మొదటి పది పోతల్లోనే పొట్టు గాలికి లేచిపోతుంది, చిటపట శబ్దం సన్నగిల్లుతుంది. మూడో నిమిషానికి గిన్నె అడుగు అరచేతికి గోరువెచ్చగా తగులుతుంది. ఇదంతా బాల్కనీలో చేయండి, పొట్టు ఇల్లంతా పరుచుకుంటుంది.

పచ్చిగింజ
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. గోడ ప్లగ్, ఉదయం వేళ, వాట్ మీటర్, జల్లెడ గారు చెప్పిన రెండు గిన్నెలు. ఐదు రోస్ట్‌లు చేశాను, అన్నీ 250. బరువులు 212, 213, 212, 211, 213. కూలింగ్ మూడున్నర నిమిషాల్లో అయిపోతోంది. ఆ నారింజ పులుపు మళ్లీ వచ్చింది, మొదటి గుక్కకే తెలిసింది. ఎంత సంతోషమేసిందో!

కానీ గ్రాఫ్‌పేపర్ గారి మాట కూడా నన్ను వదల్లేదు. నాలుగోసారి సంచి మార్చాను, ఇంకా చిన్న గింజలు. బరువు సరిగ్గానే వచ్చింది కానీ రుచి కొంచెం మొద్దుబారింది. ఏ మజిలీలో ఎంతసేపు ఉన్నాయో తూకం చెప్పలేదు. అందుకే ప్రోబ్ కొంటున్నాను. ఎక్కడ పెట్టాలో చెబుతారా? నా మెషిన్‌లో ముందు పలక కదలదు, దాని వెనక డ్రమ్ము తిరుగుతుంది.

తూకంరాయి
రంధ్రం డ్రమ్ముకి కాదు, ఆ ముందు పలకకి. ముందు నుంచి చూసినప్పుడు డ్రమ్ము గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంటే గింజలు ఎడమ వైపు కింద పోగవుతాయి, గడియారంలో 7, 8 అంకెలు ఉండే చోట. దానికి ఎదురు వైపు తిరుగుతుంటే కుడి వైపు కింద, 4, 5 దగ్గర. మీరు ఎప్పుడూ వేసే 250 గ్రాములు వేసి, హీటర్ లేకుండా డ్రమ్ము తిప్పి, టార్చ్ వేసి చూడండి. పోగు మధ్యలో గుర్తు పెట్టుకోండి. కొన కనీసం అంగుళం మునగాలి, లోపలి రెక్కలకి తగలకూడదు. ప్లగ్ పీకి, పలక వెనక వైర్లు లేవని చూసుకున్నాకే డ్రిల్ పట్టండి. వారంటీ ఉంటే పోతుందని కూడా గుర్తుంచుకోండి.

గ్రాఫ్‌పేపర్
3 మిల్లీమీటర్ల కంటే మందం వద్దు, లావు ప్రోబ్ వేడిని ఆలస్యంగా చూపిస్తుంది. మొదటి మూడు రోస్ట్‌లకి ఏ సెట్టింగూ మార్చకండి. ఇప్పుడు చేస్తున్నట్టే చేసి ఫస్ట్ క్రాక్ ఏ అంకె దగ్గర వినబడిందో మాత్రం రాసుకోండి. తూకంరాయి గారికి 214 అయినట్టు మీకు ఇంకేదైనా రావచ్చు. మూడుసార్లూ దగ్గర దగ్గరగా వస్తే అదే మీ మెషిన్ అంకె.

పచ్చిగింజ
సరేనండి. ఆదివారం టార్చ్ పట్టుకుని కూర్చుంటాను. ఎడమ పోగో కుడి పోగో చూసి ఇక్కడే రాస్తాను.