పాత తోలు పట్టీకి నూనె పెట్టాలా, వద్దా?

పాతపెట్టె: మంగలి కత్తి నూరుకునే వేలాడే తోలు పట్టీ, రెండున్నర అంగుళాల వెడల్పు, వెనక విడిగా కాన్వాసు పట్టీ. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి తోలు బిరుసెక్కింది. కొక్కెం దగ్గర సన్నటి గీతలు, ఒక అంచున గాటు. నూనె పెట్టమంటారా?

కత్తిసాన: వద్దు. నూనె తాగిన తోలు మెత్తబడుతుంది. కత్తి లాగేటప్పుడు దాని కింద అణిగి, అంచు దాటగానే పైకి లేస్తుంది. ఆ లేచే తోలే పదునును గుండ్రం చేస్తుంది. ముందు తడి గుడ్డతో మురికి తుడవండి. షేవింగ్ సబ్బు నురగ పల్చగా రుద్ది, నీడన ఆరనిచ్చి, పొడి గుడ్డతో తుడవండి. తర్వాత రోజూ కాసేపు అరచేత్తో రుద్దండి. చేతి వేడి, చేతి జిడ్డు చాలు.

గోదారిగట్టు: రోజూ వాడే పట్టీకి చేతి జిడ్డు చాలు. ఏళ్లుగా ఎండినదానికి ఏ మూలకు? నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) నాలుగైదు చుక్కలు అరచేతికి రాసుకుని తోలు వెనకవైపు పట్టించండి. ఒక రోజు వదిలి, ఇంకా బిరుసుగా ఉంటేనే మళ్లీ.

నల్లతుమ్మ: ఇంట్లో కొబ్బరినూనె ఉంది, సరిపోదా?

గోదారిగట్టు: వద్దండీ. చలికి గడ్డకట్టి తెల్లగా పైకి తేలుతుంది. అవిసె నూనె అసలే వద్దు, ఆరి గట్టి పొర కడుతుంది.

కత్తిసాన: మీరు నాలుగు చుక్కలని రాస్తారు, చదివినవాళ్లు నాలుగు చెంచాలు పోస్తారు. బాగుచేశామంటూ ఒక అమ్మకందారు నాకు అంటగట్టిన పట్టీ వేలితో నొక్కితే గుంట పడుతుంది. మొక్కజొన్న పిండి చల్లితే కొంత నూనె పీలుస్తుంది, అంతే. దిగిన నూనె పూర్తిగా రాదు.

గోదారిగట్టు: అది అమ్మినవాడి తప్పు. లెక్క చెప్పాక కూడా చెంచాలంటారేం?

కత్తిసాన: లెక్క చెప్పారు సరే, ఏం తోలో అడిగారా?

తంగేడు: రంగు వేయని తోలైతే కోసిన అంచు చూడండి. చెట్టు బెరడుతో ఊనినది, అంటే బెరడు రసంలో నానబెట్టి పదును చేసినది, లోపలిదాకా గోధుమ రంగు. క్రోమియం లవణాలతో ఊనిన క్రోమ్ తోలు నీలి బూడిద రంగు. మన వైపు తంగేడు చెక్కతో ఊని కరక్కాయతో ముగించే తోలు మొదటి రకం. అది నూనెను త్వరగా పీలుస్తుంది, చుక్కలు తగ్గించుకోవాలి.

నల్లతుమ్మ: గాటు సంగతి ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు: కత్తి తగలని చోటైతే వదిలేయండి. తగిలే చోటైతే లేచిన రెక్కను రబ్బరు జిగురుతో అతికించి, ఆరాక చదునైన చెక్కముక్కకు 400 నంబరు ఉప్పు కాగితం చుట్టి తేలిగ్గా రుద్దండి, తర్వాత 600. పొడి మొత్తం తుడిచేయాలి. ఒక్క రేణువు మిగిలినా పదునుకు పళ్లు పడతాయి.

కత్తిసాన: 400తో నున్నటి పైపొర లేచిపోతుంది. కత్తికి తగిలే పట్టే మారిపోతుంది. నేరుగా 600తో మొదలుపెట్టాలి.

గోదారిగట్టు: నేనేం చెప్పినా మీకు వద్దే! అసలు మీరు వేలాడే పట్టీ వాడతారా?

కత్తిసాన: వాడను. చెక్కకు అతికించిందే వాడతాను. వేలాడేదాన్ని ఎంత బిగించినా మధ్యలో వంగుతుంది.

గోదారిగట్టు: ఇంతసేపూ ఈ మాట దాచారన్నమాట. చెక్క మీది తోలు వంగనక్కర్లేదు, పైగా నూనె దిగితే జిగురు ఊడుతుంది. దానికి వద్దనడం న్యాయమే. వేలాడేది మాత్రం కొక్కెం దగ్గర ప్రతిసారీ వంగుతుంది, ఎండితే అక్కడే చిట్లుతుంది. ఈయన అడిగింది దాని గురించి.

కత్తిసాన: దాచలేదు, ఎవరూ అడగలేదు. అయినా చిట్లిన తోలు నూనెతో అతుక్కోదు. బెరడుతో ఊనిన పాత తోలును మెల్లగా వంచితే ఎర్రటి పొడి రాలిందంటే లోపల కుళ్లినట్టే. అంతమేరా కోసేసి, మిగిలింది చెక్కకు అతికించుకోవాలి.

గోదారిగట్టు: పొడి రాలితే ఒప్పుకుంటా. రాలకపోతే?

కత్తిసాన: వెనకవైపు రెండు చుక్కలు. నాలుగు కాదు.

గోదారిగట్టు: రెండు చుక్కలు సగం పట్టీకి కూడా రావు.

పాతపెట్టె: వంచి చూశాను, పొడి రాలలేదు. గీతలు పైపొరలోనే ఉన్నాయి. కాన్వాసుకు ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్, అదే కత్తి అంచుకు మెరుగు పెట్టే పేస్టు, పూయొచ్చా?

కత్తిసాన: పూయండి. కానీ తోలు మీదికి వెళ్లేముందు ప్రతిసారీ కత్తి తుడవండి. లేకపోతే ఆ పేస్టు తోలు మీదికి ఎక్కుతుంది, ఇక పోదు.

గోదారిగట్టు: తోలు మీద అరచెయ్యి రాస్తే జిడ్డు అంటకుండా ఉన్నాకే కత్తి పెట్టండి. చుక్కలు మాత్రం నాలుగే.