పచ్చళ్ళ డబ్బాలు, మూతలు సొంతంగా చేసుకోవాలంటే ఏ మౌల్డింగ్ పెట్టాలి?

బెజవాడ_పచ్చళ్ళు:
మాది విజయవాడ, ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ళ వ్యాపారం. డబ్బాలకే బోలెడు డబ్బు పోతోంది, పైగా మూతలు వదులుగా ఉండి కొరియర్‌లో నూనె కారిపోతోంది. ఆటోనగర్‌లో షెడ్డు ఖాళీగా ఉంది, మనమే మిషన్ పెడదాం అంటున్నారు మా బావగారు. ఒకరు ఇంజెక్షన్ అంటారు, ఒకరు బ్లో అంటారు, వాటర్ ట్యాంకులు చేసేది ఇంకోటట. అరకేజీ డబ్బా, మూత రెండూ ఒకే మిషన్ మీద వస్తాయా?

డై_పనివాడు:
పెట్ (నీళ్ళ సీసాల్లాంటి తేట ప్లాస్టిక్) డబ్బా అయితే రావండీ. మీ డబ్బా ఒకటి బోర్లించి చూడండి, పెట్ డబ్బా అయితే అడుగున సరిగ్గా మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ డైలోకి, అంటే అచ్చులోకి దిగిన చోటు అది. ముందు ఇంజెక్షన్ మిషన్ (కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో డైలోకి ఎక్కించేది) మీద మెడ, మూత బిగుసుకునే మరలు, అంటే థ్రెడ్‌తో సహా మందపాటి గొట్టంలా ప్రీఫామ్ పోస్తారు, తర్వాత దాన్ని ఇంచుమించు 100 డిగ్రీలకు వేడిచేసి ఇంకో డైలో పెట్టి, లోపల కడ్డీతో కిందికి సాగదీస్తూ గాలి కొడతారు, బ్లో అంటే ఇదే. మెడకి మాత్రం వేడి తగలనివ్వరు, థ్రెడ్ ప్రీఫామ్‌లో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. కాబట్టి మూత వదులుగా ఉందంటే చాలావరకు గాలి కొట్టడంలో లోపం కాదు, ప్రీఫామ్ మెడా మూతా ఒకదానికొకటి చేసినవి కాదన్నమాట.

తెల్లటి నూనె క్యాన్ అడుగున అయితే బొడిపె ఉండదు, అడ్డంగా గీత ఉంటుంది. వేడి గొట్టం వేలాడుతుండగానే డై రెండు ముక్కలూ మూసుకుని కింద నొక్కేసిన అతుకది. ఇక ట్యాంకులంటే పొడి పోసి డైని వేడిలో తిప్పుతూ చేస్తారు, చాలాసేపు పడుతుంది, మీకు అక్కర్లేదు. మూతకి ఇంజెక్షనే.

నన్నడిగితే ప్రీఫామ్, మూత ఒకే చోట కొనుక్కుని గాలి కొట్టే మిషన్ ఒక్కటే పెట్టండి. ప్రీఫామ్‌కీ మూతకీ డైలు చేయించాలంటే చాలా ఖర్చు.

కృష్ణలంక_అక్క:
అంతకంటే ముందు, పచ్చడి వేడిగా నింపుతారా చెప్పండి. మామూలు పెట్ 70, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడి ముడుచుకుపోతుంది. ఆవకాయకి భయం లేదు, గోంగూర పొయ్యి మీంచి దించగానే నింపితే మాత్రం డబ్బా వంకర పోతుంది. పీపీ (పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్) అయితే 160 దగ్గరగా వెళ్తేగానీ కరగదు, వెడల్పు నోటి డబ్బా ఇంజెక్షన్‌లో నేరుగా వచ్చేస్తుంది, కాకపోతే పెట్ అంత తేటగా కనపడదు. చవకగా వస్తుందని పాత ప్లాస్టిక్ కరిగించిన గుళికలు మాత్రం ముట్టుకోకండి, తినేవాటికి ఫుడ్ గ్రేడే వాడాలి.

గుంటూరు_నర్సరీ:
శాంపిల్‌కి చిన్న కప్పులు కావాలంటే వాక్యూమ్ ఫార్మింగ్ కూడా చూడండి. మేం మిరప నారు పెంచే ట్రేలు అలా చేసినవే: షీటు వేడిచేసి డై మీద పరిచి కింది నుంచి గాలి లాగేస్తారు. డై ఒకవైపే కాబట్టి ఖర్చు తక్కువ. గుంట లోతయ్యేకొద్దీ మూలల్లో షీటు పల్చబడుతుంది, మా ట్రేలు ముందు చిరిగేది అక్కడే.

బెజవాడ_పచ్చళ్ళు:
గోంగూర వేడిగానే నింపుతున్నామండీ, దానికి పీపీ చూస్తాం. మూతలు, డబ్బాలు వేర్వేరు చోట్ల కొంటున్నాం. మెడ సైజు ఏమని అడగాలి?

డై_పనివాడు:
మెడ వ్యాసం మిల్లీమీటర్లలో చెప్తారు, అదొక్కటే కలిస్తే చాలదు, థ్రెడ్ రకం కూడా కలవాలి. ఆర్డర్ ఇచ్చేముందు నాలుగైదు డబ్బాలు, మూతలు తెచ్చుకుని నూనె పోసి బిగించి, రాత్రంతా కాగితం మీద పక్కకి పడుకోబెట్టండి. పొద్దున కాగితం మీద మరక ఉంటే ఆ జత వద్దు.