టేకు వలలో తాబేళ్లు పడకుండా ఏటి చెయ్యాలి?

కళింగపట్నం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది చిన్న ఫైబర్ బోటు. నాన్న, చిన్నాన్న, నేను వెళ్తాం. సంక్రాంతి దాటాక టేకు వల వేస్తాం (టేకు అంటే చాపలా వెడల్పుగా ఉండే చేప, ఇంగ్లీషులో 'రే'). సాయంత్రం వేసి ఇంటికొచ్చేసి, తెల్లారగట్ల వెళ్లి తీస్తాం.

మొన్న వల బరువుగా వచ్చింది. పెద్ద టేకు అనుకుని నాన్న సంబరపడ్డాడు. తీరా చూస్తే తాబేలు. ముందు రెక్కకి వల నరం (దారం) నాలుగైదు చుట్లు చుట్టుకుని చర్మంలోకి దిగిపోయి ఉంది. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, మెడ వేలాడుతోంది. చచ్చిపోయిందనుకుని నాన్న కత్తి తీసి వల కోసి, దాన్ని నీళ్లలోకి జారవిడిచి దణ్ణం పెట్టుకున్నాడు. మాకు శ్రీకూర్మం దగ్గరే. "కూర్మనాథుడికి ఏటి చెప్పుకుంటాంరా" అన్నాడు. ఆ రోజు మళ్లీ నోరిప్పలేదు.

వల ఈడ్చుకుంటూ పోయే ట్రాలర్లకైతే తాబేలు బయటికి పోయే తలుపు ఉంది. మా వలకి ఏటుంది?

పాత సోనాబోటు (ట్రాలర్) సరంగు, కాకినాడ:
తమ్ముడూ, ఆ తలుపు సంగతి నన్నడుగు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకి సరిపడేలా చేసింది. ఇనుప చువ్వల చట్రం, దాని పక్కనే కన్నం. రొయ్య చువ్వల మధ్యనుంచి వెనక్కి పోతుంది, తాబేలు తట్టుకుని కన్నంలోంచి బయటపడుతుంది. రొయ్యలు కూడా పోతాయని కన్నానికి కుట్లేసిన వాళ్లని నేనెరుగుదును. సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని అమెరికా కొనడం ఆపేసింది ఈ తలుపు సరిగ్గా వాడకపోవడం వల్లే.

మీ వలకి తలుపు కుదరదు. మీ దగ్గర ఉన్నది టైము. తాబేలు ఊపిరి పీల్చే జీవి, మనలాగే. ఊరికే పడుకుంటే చాలాసేపు నీటి అడుగున ఉండగలదు గానీ, చిక్కుకుని గింజుకుంటే ఆ గాలి ఎంతసేపొస్తుంది? రాత్రంతా వల వదిలేస్తే అది చచ్చినట్టే. వల దగ్గరే ఉండి, గంటకోసారి పై తాడు పట్టి చూసుకోండి. మీకు నిద్ర చెడుతుంది, నిజమే.

ఇంకోటి. టేకు నేలని అంటుకుని తిరిగే చేప. దానికి అంత ఎత్తు వల దేనికి? వలని పైకి తేల్చే బెండ్లు తగ్గించి వల కిందికి దించు. వదులుగా సంచిలా ఉన్న వలే రెక్కకి చుట్టుకుంటుంది.

ఉప్పాడ ఫైబర్:
గంటకోసారి చూడమంటున్నారు, ఆ కూలి ఎవరిస్తారన్నా? వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా. తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి. అవి గుంపుగా తిరిగేటప్పుడు సముద్రం మీద అందరం ఉంటాం, అవి వెళ్లిపోయాక ఇంట్లో కూర్చుంటాం. మహారాష్ట్రలో ఇలాంటి జీవాన్ని వదలడానికి వల కోసుకుంటే 25 వేల దాకా ఇచ్చే పద్ధతి 2018లో పెట్టారు. మన సంఘాలు అడగాల్సింది అదే.

హేచరీ వాలంటీర్, శ్రీకాకుళం:
తమ్ముడూ, నేను తాబేలు గుడ్లు పొదిగించే హేచరీలో పనిచేస్తాను. బాధ పెట్టాలని కాదు గానీ, ఆ తాబేలు చచ్చిపోయిందని ఎలా తెలిసింది? నీళ్లు మింగి సొమ్మసిల్లినవి అచ్చం అలాగే ఉంటాయి. అలా నీళ్లలో వదిలేస్తే నిజంగానే మునిగి చస్తాయి. ఈసారి దొరికితే బోటులోనే ఉంచండి. వెల్లకిలా తిప్పొద్దు. పొట్ట కిందికి ఉంచి, వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టండి, లోపలి నీళ్లు కారిపోతాయి. నీడలో ఉంచి తడిగుడ్డ కప్పండి, ముక్కు మూయకుండా. అప్పుడప్పుడు కంటి దగ్గర, తోక దగ్గర మెల్లిగా తాకి చూడండి, కదిలితే ప్రాణం ఉన్నట్టే. తేరుకోవడానికి ఒక్కోసారి ఒక రోజు కూడా పడుతుంది. వదిలేటప్పుడు ఇంజిన్ గేరు తీసేసి, వలలకి దూరంగా, మెల్లిగా జార్చండి.

వలకి లైట్లు కట్టమని ఎవరైనా చెబుతారేమో. పెరూలో పచ్చ ఎల్‌ఈడీలు కడితే పచ్చ తాబేళ్లనే రకం వలలో పడడం 64 శాతం దాకా తగ్గింది, వాళ్లు పట్టే చేప తగ్గలేదు. కానీ మెక్సికోలో కడితే సొరలు, టేకులు కూడా బాగా తగ్గిపోయాయి. మీరు పట్టేదే టేకు కాబట్టి ఆలోచించుకోండి.

కళింగపట్నం కుర్రోడు:
అక్కా, మీ మాట చదివి నాన్నకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. విన్నాక లేచి బయటికెళ్లిపోయాడు.

బెండ్లు సగం తీసేశాం. రాత్రి వల దగ్గరే ఉంటున్నాం, ఇద్దరు పడుకుంటే ఒకడు మెలకువగా. నిన్న ఇంకోటి పడింది. ఉలుకూ పలుకూ లేదు. వెనకవైపు కింద పాత టైరు పెట్టి, నాన్న తన తలపాగా తడిపి కప్పాడు. పొద్దెక్కేదాకా ఏమీ లేదు. తర్వాత ఉస్సుమని పెద్దగా ఊపిరి వదిలింది. చిన్నాన్న బెదిరి టీ ఒలకబోసుకున్నాడు. సాయంత్రం వదిలేశాం.

ఇంకో మాట అడగమన్నాడు నాన్న. కోనాం (వంజరం) వలకి ఆ లైట్లు కడితే కోనాం కూడా పారిపోతుందా?

హేచరీ వాలంటీర్, శ్రీకాకుళం:
మెక్సికోలో వాళ్లు కావాలని పట్టే చేపల వేట తగ్గలేదు. కోనాం మీద పెట్టి చూశారని నేను వినలేదు. మీరే ఓ చిన్న ముక్కకి కట్టి చూసి చెప్పండి.