ఈ-సిగరెట్‌లో సెల్ వేడెక్కుతోంది: 3.7 వోల్టులది వేయాలా, 4.2దా, 7.4దా?

మారతహళ్లి అక్క:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. నేను, మా తమ్ముడు ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. వాడికి నాలుగేళ్లుగా సిగరెట్ అలవాటు, రోజుకు అర పెట్టె. మానేద్దామని దుబాయ్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర ఒక ఈ-సిగరెట్ తీసుకున్నాడు. మార్కర్ పెన్ను కంటే లావుగా ఉండే గొట్టం, పక్కన ఒకే బటన్. డిస్‌ప్లే లేదు. లోపలి సెల్ పాడైతే ఒక షాపులో వేరేది వేయించుకున్నాడు. అప్పటినుంచి నాలుగైదుసార్లు పీల్చేసరికి గొట్టం చేత్తో పట్టుకోలేనంత కాలిపోతోంది. మళ్లీ అడిగితే, "3.7 వద్దు, 4.2 వోల్టులది వేసుకో" అన్నారట. ఇంకో షాపాయన 7.4 అయితే అసలు వేడే రాదన్నాడట. వీడేమో రాత్రి దాన్ని దిండు పక్కనే చార్జింగ్ పెట్టుకుని పడుకుంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏ వోల్టేజీ వేయాలో తెలిసినవాళ్లు చెప్పండి. వాడిని మాత్రం తిట్టకండి, మీరు రాసేదంతా వాడికి చూపిస్తాను.

బీటీఎం బ్యాచిలర్:

అక్కా, వోల్టేజీ పెరిగితే ఆవిరి బాగా వస్తుంది. మా రూమ్మేట్‌ది రెండు సెల్స్‌ది, 7.4. అదే వేసుకోమనండి.

ఎస్పీ రోడ్ బ్యాటరీ బెంచి:

తమ్ముడూ, ఆ సలహా వద్దు. మీ రూమ్మేట్‌ది రెండు సెల్స్ కోసమే తయారైన పెట్టె, లోపల దాన్ని అదుపు చేసే బోర్డు ఉంటుంది. అక్క చెప్పేది ఒక్క సెల్ గొట్టం. అందులో పొట్టి సెల్స్ రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి ఇరికించేవాళ్లను చూశాను. వోల్టేజీ రెట్టింపైతే కాయిల్ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట) మీద పడే పవర్ రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. కాయిలైనా కాలుతుంది, సెల్లయినా పేలుతుంది.

అమ్మా, నేను పదకొండేళ్లుగా ఎస్పీ రోడ్డులో సెల్స్‌కు నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి ప్యాకులు కడుతున్నాను. ఇవాళ రాత్రి నుంచి ఆ గొట్టాన్ని పరుపు మీద చార్జింగ్ పెట్టనివ్వకండి. సెల్ బయటికి తీసి, ప్లాస్టిక్ డబ్బాలో ఒంటరిగా పెట్టండి. తర్వాత నాకు నాలుగు సంగతులు చెప్పండి. కాయిల్ మీద ఓమ్, వాట్ అని ఏం రాసుంది? సెల్ తొడుగు మీద ఏముంది? బటన్‌ను గబగబా ఐదుసార్లు నొక్కితే ఆగిపోతుందా? మీ వీధిలో చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉన్న కొట్టుంటే సెల్ ఎంత బరువుందో తూచి చెప్పండి.

మారతహళ్లి అక్క:

అన్నా, కాయిల్ మీద 0.5 అని, కింద 25 నుంచి 40 వాట్ అని ఉంది. ఐదుసార్లు నొక్కితే ఆగుతుంది, మళ్లీ ఐదుసార్లు నొక్కితే వెలుగుతుంది. వాట్లు పెంచడం, తగ్గించడం ఏమీ లేదు. సెల్ ఎర్ర తొడుగుది, మీద 3.7 వోల్ట్, 9900 ఎంఏహెచ్ అని ఉంది. కింద వెండి దుకాణంలో తూచాం. 31 గ్రాములు. పై అంచున తొడుగు గోరంత చిరిగింది.

ఎస్పీ రోడ్ బ్యాటరీ బెంచి:

తూచి మంచిపని చేశారు. మీకు కావాల్సిన జవాబు ఆ బరువులోనే ఉంది.

ముందు వోల్టేజీ గొడవ తేల్చేద్దాం. 3.7 సెల్, 4.2 సెల్ అని రెండు రకాలు లేవు. రెండూ ఒకటే. లిథియం అయాన్ సెల్ నిండా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది. వాడేకొద్దీ దిగుతూ ఎక్కువసేపు 3.6, 3.7 దగ్గర ఉంటుంది కాబట్టి తొడుగు మీద ఆ అంకె వేస్తారు. 3 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. మన నీళ్ల ట్యాంకులో మట్టం లాగే, నిండుగా ఉన్నప్పుడు ఒకటి, సగంలో ఒకటి. 3.7ది తీసేసి 4.2ది వేసుకో అన్నవాళ్లు తెలియక అన్నారో, ఇంకో సెల్ అమ్ముదామని అన్నారో గానీ, దానివల్ల మీ వేడి తగ్గేది కాదు.

మీ తమ్ముడి గొట్టంలో వాట్లు మార్చే ఏర్పాటు లేదు. అంటే సెల్‌లో ఎన్ని వోల్టులుంటే దాదాపు అన్నీ నేరుగా కాయిల్‌కు వెళ్తాయి. ఇప్పుడు లెక్క చూడండి. 4.2 వోల్టులను కాయిల్ మీది 0.5 ఓమ్‌తో భాగిస్తే 8.4 ఆంపియర్లు. దాన్ని మళ్లీ 4.2తో గుణిస్తే 35 వాట్లు. కాయిల్ మీద 25 నుంచి 40 అని ఉంది కదా, సరిగ్గా సరిపోయింది. సగం చార్జిలో 3.7 అయినప్పుడు 27 వాట్లు, అదీ లోపలే ఉంది. కాబట్టి వోల్టేజీలో తప్పేం లేదు. 7.4 వేస్తే ఏమయ్యేదో కూడా చూడండి. రెండు సెల్స్ నిండా ఉంటే 8.4 వోల్టులు, 16.8 ఆంపియర్లు, 141 వాట్లు. 40 వాట్ల కాయిల్ మీద అది!

అసలు తప్పు ఆంపియర్ల దగ్గర ఉంది. ఆ కాయిల్ 8.4 ఆంపియర్లు లాగుతుంది. అంత ఇవ్వగల సెల్ కావాలి. మీ గొట్టంలో పడేది 18650 అనే సైజు సెల్. అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు, అంతే. ఆ కొలతలో వందరకాల సరుకు ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినవి మామూలుగా 5 ఆంపియర్లకు మించి ఎక్కువసేపు ఇవ్వలేవు. డ్రిల్లింగ్ మెషీన్లలో వేసేవి 20 ఆంపియర్లు ఇస్తాయి, కాని వాటి ఎంఏహెచ్ 2500 దగ్గరే ఉంటుంది. ఎంఏహెచ్ అనేది ఎంతసేపు వస్తుందో చెబుతుంది, ఆంపియర్ ఎంత గట్టిగా లాగొచ్చో చెబుతుంది. షాపుల్లో మనకు మొదటిదే చూపించి అమ్ముతారు.

ఇక 9900 అన్న అంకె. 18650లో నాకు తెలిసి మంచి కంపెనీలవి కూడా మామూలుగా 3600 లోపే, ఈమధ్య వచ్చినవి కొన్ని 4000 దాకా. 9900 అని రాసుంటే ఆ సెల్ నకిలీదే, రెండో మాట లేదు. నిఖార్సైన 18650 బరువు 45 గ్రాముల పైచిలుకు ఉంటుంది. మీది 31. లోపల సరుకే లేదు. అలాంటి సెల్ లోపలి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఎక్కువ, దాన్నుంచి 8 ఆంపియర్లు లాగితే ఆ పవర్‌లో చాలాభాగం కాయిల్‌కు చేరకుండా సెల్‌లోనే వేడిగా మారుతుంది. మీ తమ్ముడి చేతికి తగిలింది ఆ వేడే.

ఆ చిరిగిన తొడుగు విషయం కూడా తేలిగ్గా తీసుకోకండి. ఈ సెల్స్‌లో పైన బొడిపె మాత్రమే ప్లస్. దాని చుట్టూ సన్నటి తెల్ల కాగితపు రింగు, ఆ పక్క నుంచి అడుగు దాకా డబ్బా అంతా మైనస్. ప్లస్‌కు మైనస్‌కు మధ్య దూరం గోరంత కూడా లేదు, ఆ తొడుగే అడ్డం. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకసారి సెల్‌ను జేబులో వేసుకుని, అదే జేబులో బండి తాళాలు వేసుకున్నాడు. టౌన్ హాల్ సిగ్నల్ దాటేలోపు ప్యాంటులోంచి పొగ. తొడ మీద అరచేయంత కాలింది, నెలరోజులు సరిగా కూర్చోలేకపోయాడు. ఆ రోజు నుంచి మా బెంచి మీద విడి సెల్ అంటూ ఉండదు, ప్రతిదీ డబ్బాలోకే.

బీటీఎం బ్యాచిలర్:

అన్నా, తెలియక చెప్పాను, సారీ. ఒక డౌట్. వాట్లు మార్చుకునే రకంలో తక్కువ వోల్టేజీ పెట్టుకుంటే ఆరోగ్యానికి మంచిదేనా?

ఎస్పీ రోడ్ బ్యాటరీ బెంచి:

డాక్టర్ చెప్పాల్సిన మాట నేను చెప్పను. కాని వోల్టేజీ గురించి అడిగావు కాబట్టి ఇది చెప్తాను. ఆ ద్రవంలో ఉండేది గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, వాసనలు. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర, 5 వోల్టుల దగ్గర నడిపి ఆవిరిని పరీక్షించారు. ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనానికి సంబంధించిన పదార్థాలు 3.3 దగ్గర కనిపించలేదు, 5 దగ్గర కనిపించాయి. అంత వేడిలో ఆవిరి మాడువాసన వస్తుంది, ఎవరూ పీల్చరు అని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, కాయిల్ మాడితే ద్రవం విరిగిపోయి వేరే పదార్థాలవుతుందన్నది నిజం. తక్కువ వోల్టేజీలో అది తగ్గుతుంది, నికోటిన్ మాత్రం అలాగే ఉంటుంది. అలవాటు ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి అక్కకు చెప్పాలి. మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఏడాదే చట్టం చేశారు. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నిషేధం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సరుకు నిల్వ పెట్టినా శిక్ష ఉంది. కర్ణాటకలో అయితే 2016లోనే నిషేధించారు. ఇక్కడ దొంగచాటుగా అమ్మేవాడు సెల్ పేలితే పూచీ పడతాడా? రసీదు ఉండదు, అడగడానికి మనిషి ఉండడు. అందుకే నేను దానికి సెల్ అమ్మను. మీకు లెక్క అంతా చెప్పింది వేరే సెల్ కొనడానికి కాదమ్మా, ఇప్పుడు ఇంట్లో ఉన్నదాన్ని ఎందుకు వాడకూడదో తెలియాలని.

హెబ్బాళ్ రిటైర్డ్:

అమ్మాయీ, ఇది మీ తమ్ముడికి. బాబూ, నేను ముప్పై ఒక్క ఏళ్లు కాల్చాను. మానేసి రెండేళ్లయింది. మానాలనుకున్నావు చూడు, ఆ ఆలోచన చాలా విలువైనది, దాన్ని వదలకు. పద్ధతి మార్చుకో. సిగరెట్ పెట్టె మీద బొమ్మ పక్కన 1800-11-2356 అని నంబర్ ఉంటుంది. ఆ నంబర్ వేశాక కూడా ఏళ్లపాటు ఆ పెట్టె నా చేతిలోనే ఉంది, ఒక్కసారి కూడా ఆ నంబర్ చదవలేదు. ఫోన్‌కు డబ్బులు పడవు. దక్షిణాది వాళ్లకు మన బెంగళూరు మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లోనే కేంద్రం ఉంది. నాతో తెలుగులోనే మాట్లాడారు. రోజుకు ఎన్ని, లేచిన ఎంతసేపటికి మొదటిది, దేని తర్వాత కాల్చాలనిపిస్తుంది, ఇవన్నీ అడిగి, మానే తేదీ నాతోనే చెప్పించారు. వారం తర్వాత వాళ్లే తిరిగి ఫోన్ చేశారు. నాకు కాఫీ తర్వాతే కష్టం. రెండు నెలలు కాఫీ మానేసి మజ్జిగ తాగాను. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నాలుక చుర్రుమనగానే దవడ పక్కన పెట్టుకోవాలి. ఇది నాకెవరూ చెప్పక మొదటిరోజు ఎక్కిళ్లతో చచ్చాను. గుండె జబ్బు, బీపీ లాంటివి ఉంటే డాక్టర్‌ను అడిగి వాడు.

మారతహళ్లి అక్క:

అందరికీ చాలా థాంక్స్. తమ్ముడు మొత్తం చదివాడు. సెల్ అంచున ఆ చిరుగు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇవాళ పొద్దున నేను అడక్కుండానే ఆ నంబర్‌కు ఫోన్ చేశాడు. పక్క గదిలో ఉన్నాను, "లేచిన పది నిమిషాలకే" అని చెప్పడం వినిపించింది. తేదీ వచ్చే సోమవారం పెట్టుకున్నాడు. పెద్దాయన చెప్పిన గమ్ కొన్నాం.

ఇంకొక్క సందేహం. మా నాన్న రాత్రిపూట పొలంలో మోటారు దగ్గరికి వెళ్తారు. ఆయన టార్చిలో మూడు సన్న పెన్సిల్ సెల్స్ పడతాయి, పది రోజులకోసారి కొత్తవి కొనాలి. మీరు చెప్పిన మంచి 18650 అందులో వేయొచ్చా? అందులోనూ ఆంపియర్ చూడాలా?

ఎస్పీ రోడ్ బ్యాటరీ బెంచి:

సోమవారం మాట విని చాలా సంతోషంగా ఉందమ్మా.

టార్చికి ఆంపియర్ బెంగ అక్కర్లేదు, చిన్న ఎల్‌ఈడీ లాగేది ఒక ఆంపియర్ లోపే. ల్యాప్‌టాప్ రకం సెల్ కూడా హాయిగా ఇస్తుంది. ఇక్కడ మాత్రం వోల్టేజీ చూసుకోవాలి. మూడు పెన్సిల్ సెల్స్ కొత్తవైతే 4.5 వోల్టులు, మన సెల్ నిండుగా 4.2. సరిపోతుంది. ఆ మూడు సెల్స్ గూడు బయటికి లాగితే వచ్చే రకమైతే, చాలా టార్చిల్లో ఆ చోట 18650 పడుతుంది. కొన్నిటికి ప్లాస్టిక్ గొట్టం కూడా ఇస్తారు. గూడు రాకపోతే బలవంతం చేయొద్దు. పెన్సిల్ సెల్ సైజులోనే ఉండే 3.7 లిథియం సెల్స్ కొని, 1.5 సెల్స్ చోట మూడూ వేయడం అసలు చేయకండి, 12 వోల్టులు దాటి ఎల్‌ఈడీ మాడిపోతుంది.

నాన్నగారు టార్చి ఆర్పడం మరిచిపోతే సెల్ మరీ అడుగంటిపోతుంది, అలా పోయినదాన్ని మళ్లీ చార్జి చేయడం ప్రమాదం. కాబట్టి లోపల రక్షణ బోర్డు ఉన్న సెల్ తీసుకోండి. అది 65 కాకుండా 68, 70 మిల్లీమీటర్లు ఉంటుంది, టార్చిలో పడుతుందో లేదో కొనేముందే కొలవాలి. చార్జర్ 4.2 దగ్గర తనంతట తనే ఆగేది ఉండాలి.

టార్చిని ఊరి నుంచి తెప్పించి తీసుకురండి, వేసి చూపిస్తాను. ఆ ఎర్ర సెల్‌ను చెత్తలో పడేయకండి, చెత్త బండిలో నలిగితే మంటలొస్తాయి. రెండు కొసలకూ, చిరిగిన చోటా ఇన్సులేషన్ టేపు చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అదీ తెచ్చేయండి. మా దగ్గర ఈ-వేస్ట్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. శనివారం మధ్యాహ్నం రెండు దాటాక రండి, పొద్దున పూట రద్దీలో నిలబడటానికి కూడా చోటుండదు.