వెల్లంపల్లి దగ్గర నీటిలో దిగినవారిది విశ్వాసమా, ఆకలా?

మద్దిపాడు పాఠకుడు:

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. మన సంఘాల్లో ఈ సంఘటనను కష్టకాలంలో విశ్వాసం ఇచ్చిన ధైర్యానికి సాక్ష్యంగా చెబుతారు. బయటివారు మాత్రం గింజల కోసం మారారని ఒక్క మాటతో తీసిపారేస్తారు. నేను క్రైస్తవ కుటుంబంలోనే పుట్టాను, అయినా ఈ విషయంలో రెండో పక్షం వైపే కొంత మొగ్గుతున్నాను. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని ఒంగోలులోని అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అక్కడ పని చేయించిన మేస్త్రీలూ, కూలీలు గంపలు దించి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పినవారూ ఆయన బోధకులే. కూలి ఇచ్చే చేయి, బోధించే నోరు ఒకే మనిషివైనప్పుడు, విన్నవారు ఒప్పుకోవడాన్ని ధైర్యం అనడం ఎంతవరకు న్యాయమో సభ్యులు చెప్పగలరు.

కపిలబాన:

మద్దిపాడు పాఠకుడు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే గాని, వాటి వరుసను గమనించవలసి ఉంది. కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మం ఇవ్వడాన్ని క్లౌ ఏడాదికి పైగా ఆపివేశాడు. మీకు కలిగిన అనుమానమే ఆయనకూ కలిగింది. 1878 నడుమ, సహాయానికి ఇక డబ్బు లేదని తెలిసిన తరువాత కూడా వచ్చినవారు, కాలువ పనిలో బొబ్బలెక్కిన తమ అరచేతులు చూపించి, తాము కష్టపడి తిన్నవాళ్ళమని, ఈసారి పంట పోతే చచ్చిపోతామని, చస్తే క్రైస్తవులుగానే చస్తామని అన్నారట. ఇది క్లౌ పక్షం వారు చెప్పిన కథనం, అమెరికాలోని దాతలు చదవడానికి రాసినది. కాబట్టి దాని మీదే వాదమంతా నిలబెట్టను.

నా వాదానికి అసలు ఆధారం కరువుకు పదేళ్ళ ముందుంది. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, అంతకుముందు యోగ మార్గంలో గురూపదేశం పొందిన సాధకుడు. ఆయన భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పుడు పంచడానికి గింజలూ లేవు, చూపించడానికి కాలువ పనీ లేదు. ఆయన పల్లెపల్లెకు కాలినడకన తిరిగి చెప్పిన తరువాత చేరినవారి లెక్క కరువు రాకముందే వేలకు చేరింది.

చేరినవారు మానవలసినవి ముఖ్యంగా మూడు: ఆదివారం పని, చచ్చిన గొడ్డు మాంసం, విగ్రహారాధన. ఇవి వినడానికి చిన్న నియమాల్లా ఉంటాయి గాని, మాదిగ పల్లె బతుకుకు ఇవే మూడు మూలాలు. చచ్చిన పశువు మీద హక్కు, ఊరికి చెప్పులూ, బావి నీళ్ళు తోడే తోలు కపిలబానలూ కుట్టి ఇచ్చినందుకు, వెట్టికి వెళ్ళినందుకు దక్కే ప్రతిఫలంలో భాగం. జాతరలో డప్పు కొట్టనంటే అమ్మవారినే కాదు, ఊరి పెద్దలనూ కాదన్నట్టే. కోతల రోజుల్లో ఆదివారం పొలానికి రానంటే, కళ్ళంలో దక్కవలసిన మేర, అంటే ధాన్యపు వాటా, పోయినట్టే. అందుకే కరణాలూ మునసబులూ కొన్ని చోట్ల నీళ్ళు అందకుండా చేశారు, పనులు మాన్పించారు, కొట్టించారు, తప్పుడు కేసులు పెట్టించారు. గింజల కోసమే అయితే, ఏటేటా వచ్చే మేరను వదులుకుని, ఎప్పుడో ఒకసారి దొరికే కూలి కోసం ఎవరు వెళతారు?

తీరాంధ్ర:

మీరు ఒక విషయం వదిలివేశారు. పల్లెలో దెబ్బలు తిన్నవాడు ఒంగోలు వెళితే, క్లౌ దొర కలెక్టరుకు ఉత్తరం రాసేవాడు. తెల్లవాడు వెనక ఉన్నాడన్న నమ్మకం మునసబును కూడా కొంత వెనక్కు తగ్గించేది. ఆ అండను లెక్కలోకి తీసుకోకుండా ధైర్యాన్నంతా దేవుని ఖాతాలో వేయడం చరిత్ర కాదు, ప్రసంగం.

కందుకూరు మనుమరాలు:

తీరాంధ్ర గారి మాటలో సగం ఒప్పుకుంటాను. మా అమ్మమ్మ చెప్పినదాని ప్రకారం, మా పల్లె నుంచి ఒంగోలు చేరాలంటే రెండు రోజుల నడక. దొర ఉత్తరం రాసినా, కలెక్టరు కబురు ఊరికి వచ్చేసరికి నెల గడిచేది. ఆ నెలంతా బావి దగ్గరికి వెళ్ళనివ్వకపోతే, ఆడవాళ్ళు వాగులో చెలమ తీసి నీళ్ళు తెచ్చుకునేవారట. దూరాన ఉన్న దొర మీద నమ్మకం కడవ నింపదు. ఆ రాత్రుళ్ళలో వేపచెట్టు కింద కూర్చుని, చదువు రాకపోయినా నోటికి వచ్చిన కీర్తనలు పాడుకున్నారని అమ్మమ్మ చెప్పేది. చెబుతూ తను కూడా పాడేది, నడుమ చరణాలు మరిచిపోయి మొదటికి వచ్చేది.

జాతరకు వెళ్ళనన్న రోజున మా పూర్వీకుడు డప్పును అటకెక్కించాడు. చర్మాన్ని ఎలుకలు కొట్టివేయగా మిగిలిన చెక్క వలయాన్ని నేను చిన్నప్పుడు చూశాను. మా అమ్మమ్మ దానిని పారవేయనివ్వలేదు. అది గర్వమో, పోయిన కళ మీద బెంగో నాకిప్పటికీ తెలియదు. డప్పు మానడం కూడా ఒక నష్టమేనని ఈనాడు మనం అనగలం.

మద్దిపాడు పాఠకుడు:

కరువు మొదలు, మతం తరువాత అన్న నా వరుస పేరయ్య దగ్గర నిలవదని ఒప్పుకుంటున్నాను. ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. ఆ రోజుల్లో పల్లె పెద్దలు ఒక మాట అనుకుంటే ఇంటింటా అదే జరిగేది. అప్పుడు అందరితో పాటు నీళ్ళలో దిగడం కంటే, దిగనని ఒడ్డున నిలబడడానికే ఎక్కువ గుండె కావాలేమో. 2,222 అన్న అంకెలో ఎవరి ధైర్యం ఎంతో విడదీసి చెప్పలేము.

కపిలబాన:

విడదీయలేమన్నది నిజమే, అయితే పెద్దలు అటువంటి మాట ఎందుకు అనుకున్నారన్నదే నా ప్రశ్న. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, ఆయన పర్యవేక్షించాడు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలబడి, అలిసినప్పుడు ఒకరి చోటికి మరొకరు వస్తూ, మధ్యాహ్నం కాసేపు ఆపి, సాయంత్రం వరకు ఆ పని చేశారు. ఒడ్డు నుంచి దిగినవారు పట్టుకున్నది దొర చేయి కాదు. మండుటెండలో తమ పల్లెలకు నడిచివచ్చి, తమ గుడిసెల్లో అంబలి తాగి వాక్యం చెప్పిన తమవాడి చేయి.