ఇంజన్ వేడెక్కాకే టకటక శబ్దం, ఎక్కడిదో తేల్చడానికి సాయం చేయండి

నాది 150 సీసీ బండి, సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజన్ మెత్తగా నడుస్తుంది. బాగా వేడెక్కాక మాత్రం హెడ్ (సిలిండర్ పైభాగం) వైపు నుంచి సన్నగా టకటకమని మొదలవుతుంది. రేస్ ఇస్తే శబ్దం కూడా వేగం అందుకుంటుంది. క్లచ్ లివర్ పట్టినా వదిలినా తేడా లేదు కాబట్టి క్లచ్ మీద నాకు అనుమానం లేదు. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడు) అయితే చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ వినిపించి, వేడెక్కితే తగ్గాలి. ఇక్కడ అంతా తిరగబడింది.

ఫోన్‌లో రికార్డు చేసి, నెమ్మదిగా ప్లే చేసి లెక్కపెట్టాను. ఐడిలింగ్ 1400 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 12 చప్పుళ్లు, అంటే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకటి. వాల్వులను తెరిపించే క్యామ్ తిరిగే వేగమూ అదే. అందుకే వాల్వులు, వాటిని నొక్కే రాకర్లు, క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ మీదికి మనసు పోతోంది. కానీ సిలిండర్‌లో మంట కూడా రెండు చుట్లకు ఒకసారే కదా, దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చలేను. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వింటే, చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ దగ్గర కంటే వాల్వ్ కవర్ మీదే గట్టిగా ఉంది.

ఆయిల్ కొత్తది, లెవెల్ సరిగానే ఉంది. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు) ఇంజన్ చల్లారాకే మాన్యువల్ ప్రకారం సెట్ చేయించాను. మెకానిక్ "ఇంజన్ దించాల్సిందే" అంటున్నాడు. ఇంకా గట్టి ఆధారం లేకుండా విప్పించడం నాకు ఇష్టం లేదు.

రాకర్ షాఫ్ట్ (రాకర్లు ఊగే ఇరుసు) అరిగితే వేడెక్కాకే ఇలా మోగుతుందా? హెడ్ విప్పకుండా దాన్ని నిర్ధారించే పద్ధతి ఉందా? ఈలోగా బండి నడపొచ్చా, ఆపేయాలా? ఇలాంటిది ఎదురైనవాళ్లు దయచేసి చెప్పండి.